ఆరేళ్ళు ఉన్న చోటు వదిలి ఎలా వెళ్ళను?

ఆదిలాబాద్ జిల్లాలోని ఒక పల్లెకు చెందిన అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దని కోరింది. వయసు 21. నాన్న పత్తి రైతు, అమ్మ కూడా ఆయనతోపాటు చేను పనికి వెళ్తుంది, తమ్ముడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ఊరి జిల్లా పరిషత్ బడిలో తెలుగు మాధ్యమంలో పదో తరగతి పూర్తిచేసి, మంచి మార్కులతో 2019లో బాసర ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకుంది. అక్కడి చదువు తీరు తెలియని పాఠకుల కోసం ఒక మాట. అందరూ ట్రిపుల్ ఐటీ అని పిలిచే ఆర్‌జీయూకేటీ (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్) 2008లో మొదలైంది. పదో తరగతి అయిన పిల్లలను, ఎక్కువగా పల్లెల నుంచి వచ్చినవారిని, చేర్చుకుని ఆరేళ్ళపాటు అక్కడే ఉంచి చదివిస్తారు. రెండేళ్ళు ఇంటర్మీడియట్‌తో సమానమైన పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్. పిల్లలు వాటిని పి-1, పి-2, ఆ తరువాత ఇ-1 నుంచి ఇ-4 వరకు అని పిలుచుకుంటారు. పదిహేనేళ్ళ వయసులో గేటు లోపలికి వెళ్ళిన పిల్ల ఇరవై ఒకటికి బయటికి వస్తుంది.

ఈ మే నెలతో ఈమె ఇ-4 అయిపోతుంది. ఫిబ్రవరి నుంచి సరిగా నిద్ర పట్టడం లేదని రాసింది. "రాత్రి రెండింటికి మెలకువ వస్తే లేచి కూర్చుని, పడుకున్న ముగ్గురి వైపూ చూస్తుంటాను. వరండాలో తాడు మీద ఆరేసిన బట్టలు చూసినా ఏడుపు వస్తోంది. మెస్‌లో పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డప్పుడు, రైలు కూత వినిపించినప్పుడు, పరీక్ష ముందు రాత్రి ఒకే పుస్తకం చుట్టూ నలుగురం చేరినప్పుడు, ఇక ఇవన్నీ కొన్ని వారాలే కదా అనిపించి గొంతు పట్టేస్తోంది. ఫోను నిండా ఫోటోలే, అయినా తీస్తూనే ఉన్నాను. ప్రాజెక్టు రిపోర్టు మాత్రం ముందుకు కదలడం లేదు." గదిలోని మిగతా ముగ్గురిదీ ఖమ్మం, కరీంనగర్, మహబూబ్‌నగర్. మొదట్లో ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకునేవారట. ఇప్పుడు నలుగురి మాటలూ కలగలిసిపోయి, ఇంటికి వెళ్తే "అక్కా, ఇదెక్కడి మాట" అని తమ్ముడు నవ్వుతున్నాడట. వసంత పంచమికి అక్షరాభ్యాసం కోసం బాసర వచ్చే చుట్టాలందరూ ఈమెను చూసి వెళ్తారు. ఈసారి మేనమామ కూతురు గుడిలో పలక మీద అక్షరాలు దిద్దుతుంటే పక్కన నిలబడి ఏడుపు ఆపుకోలేకపోయానని రాసింది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఇంకో బాధ మొదలైంది. ఉన్నన్ని రోజులూ ఎప్పుడు తిరిగి వెళ్దామా అనే ధ్యాసేనట. అది కనిపెట్టిన అమ్మ, "చుట్టం వచ్చిపోతున్నట్టే ఉంది బిడ్డా" అన్నది. "అమ్మ నవ్వుతూనే అన్నది. నాకు అన్నం దిగలేదు. కన్నవాళ్ళ ఇంటికంటే హాస్టల్ గది ఎక్కువైందంటే నేను మంచి కూతురిని కానట్టే కదా?"

క్యాంపస్ ఎంపికల్లో చెన్నైలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో చేరాలి. గదిలోని ముగ్గురు స్నేహితురాళ్ళూ హైదరాబాదులో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కు చదవాలని నిశ్చయించుకున్నారు. ఈమెను కూడా రమ్మంటున్నారు. "నాకు గ్రూప్స్ మీద పెద్దగా ఆసక్తి లేదు. కానీ వాళ్ళతో ఉంటే ఇంకో ఏడాది ఇలాగే గడుస్తుంది." అడ్వాన్సులో తన వాటా సంగతి నెలాఖరులోగా తేల్చమన్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

చివరి పేజీలో, రాయాలా వద్దా అని తటపటాయించి రాసిన సంగతి ఒకటుంది. పీయూసీలో ప్రాణంగా మెలిగిన స్నేహితురాలు, పక్క ఊరి అమ్మాయి, ఇ-2లో రెండు సబ్జెక్టులు తప్పింది. సరిగ్గా అప్పుడే గదులు మారాయి. ఈమె ఇప్పటి ముగ్గురితో కలిసి వేరే గదికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి వాళ్ళిద్దరికీ మాటలు లేవు. "మెస్‌లో ఎదురుపడితే ఇద్దరం తల తిప్పుకుంటాం. మొన్న పి-1 నాటి ఫోటో ఒకటి దొరికింది. అందులో తన చెయ్యి నా భుజం మీద ఉంది."

ఈ చోటును ఇంతగా ప్రేమించడం తప్పా, ఉద్యోగం వదులుకుంటే తెలివితక్కువతనమా, అసలు ఇక్కడి నుంచి ఎలా వెళ్ళాలి అని అడిగింది.

* * *

అమ్మా,

నీ మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. తప్పు కాదు. ఆ ప్రేమకు నువ్వు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు.

నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. మూడేళ్ళు చదివి, సాయంత్రం కాగానే ఇళ్ళకు వెళ్ళిపోయే పిల్లలు కూడా ఆఖరి నెలలో ఖాళీ తరగతి గదుల్లో ఊరికే కూర్చుని ఉండడం చూశాను. నీది అంతకంటే చాలా పెద్ద సంగతి. ఇంటికి దూరంగా వచ్చిన మొదటి జ్వరం, ఇంగ్లీషులో పాఠం ఒక్క ముక్క అర్థంకాక తెల్లబోయిన మొదటి రోజు, సొంతంగా రైలెక్కిన మొదటి ప్రయాణం, నా అంతట నేను చేయగలను అనిపించిన మొదటి క్షణం, ఇవన్నీ నీకు ఆ గేటు లోపలే జరిగాయి. నలభై దాటినవారిని బతుకులో బాగా గుర్తున్న ఘట్టాలు చెప్పమంటే ఎక్కువగా పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవే చెబుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నో పరిశోధనల్లో గమనించారు. ఆ వయసులో చాలా సంగతులు మొదటిసారి జరుగుతాయి, మనం ఎవరమన్నది తేలేదీ అప్పుడే. వారు చెప్పే కారణాల్లో ఇవి ముఖ్యమైనవి. ఆ కాలంలో నడిమి ఆరేళ్ళు నువ్వు ఒకే ప్రాంగణంలో, ఒకే మనుషుల మధ్య గడిపావు. అవి నీ నుంచి ఎక్కడికీ పోవు. ఎక్కడ మరిచిపోతానో అని కదా అన్ని ఫోటోలు తీస్తున్నావు! ఆ భయం కొంత తగ్గించుకో. తాడు మీద బట్టలు నీకు యాభై ఏళ్ళకూ గుర్తుంటాయి.

ఇప్పుడు నీ ఉత్తరంలో నువ్వు గమనించని ఒక సంగతి చెబుతాను. మొదటి పేజీలో ఒక మూల, పి-1లో చేరిన కొత్తలో రోజూ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చానని, నాన్నకు ఫోన్ చేసి వచ్చి తీసుకుపొమ్మన్నానని రాశావు. రాసి, వెంటనే ఆ మాట వదిలేసి మెస్ కబుర్లలోకి వెళ్ళిపోయావు. ఆ ఏడుపు కూడా బాసరదే. ఈ తీపి తగ్గించాలని దాన్ని గుర్తుచేయడం లేదు. చెన్నై గురించి ఆలోచించేటప్పుడు నువ్వు ఒక పెద్ద అన్యాయం చేస్తున్నావు. బాసర అంటే ఇ-4 తలుచుకుంటున్నావు, చెన్నై అంటే మొదటి రాత్రి తలుచుకుంటున్నావు. మొదటి రాత్రిని మొదటి రాత్రితోనే పోల్చు. చెన్నైలో మొదటి రెండు మూడు నెలలు పి-1 లాగే ఉంటాయి. భాష కొత్త, తిండి కొత్త, ఆఫీసులో అందరూ నీకంటే తెలిసినవాళ్ళలా కనిపిస్తారు. అది నీకు కొత్త కాదు. పదిహేనేళ్ళ వయసులో, సాయం చేసే అనుభవం ఏదీ లేనప్పుడే నువ్వు దాన్ని దాటావు.

అయినా, అసలు నీకు దూరమవుతున్నది ఏమిటి? గోదావరి ఒడ్డు అక్కడే ఉంటుంది. ఎప్పుడు కావాలన్నా కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కి బాసర స్టేషన్‌లో దిగవచ్చు. ఫోనులో ముగ్గురి నంబర్లూ ఉన్నాయి. నీకు దూరమయ్యేది వేరే ఒకటి. ఈ ఆరేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా స్నేహం కోసం ఏర్పాట్లు చేసుకోలేదు. కళ్ళు తెరిస్తే ఎదురు మంచం మీద మనిషి ఉంది. బాధ కలిగితే చెప్పుకోవడానికి ముందుగా ఫోన్ చేసి "ఖాళీగా ఉన్నావా" అని అడగనక్కరలేదు. ఏమీ మాట్లాడకుండా ఒకే గదిలో నలుగురూ నాలుగు పనులు చేసుకుంటూ గంటలు గడిపారు. పెద్దవాళ్ళ లోకంలో ఈ సౌఖ్యం చాలా కొద్దిమందికి దొరుకుతుంది. ఇక ముందు స్నేహం అంటే సెలవు అడగాలి, టికెట్టు కొనాలి, మనసులో లేకపోయినా ఫోను ఎత్తాలి. నువ్వు రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నది దీని గురించేనని నా నమ్మకం. ఇది నిజమైన నష్టమే. కాదని నేను చెప్పను. దానికి ఏడవాలనిపిస్తే ఏడువు, ఆ ముగ్గురి ముందే ఏడువు. వాళ్ళు కూడా నీకు తెలియకుండా లేచి కూర్చుంటున్నారేమో ఎవరికి తెలుసు!

ఇక అమ్మ సంగతి. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది ఇదే.

అమ్మ అన్న మాటను నువ్వు నేరారోపణగా విన్నావు. నాకు అది అలా వినిపించలేదు. పదిహేనేళ్ళ పిల్లను రైలెక్కించి పంపిన తల్లి ఆమె. ఆ పిల్ల పెరిగి పెద్దదైన ఆరేళ్ళూ ఆమె కళ్ళ ముందు జరగలేదు. నీ గది ఎలా ఉంటుందో, నువ్వు ఏ మంచం మీద పడుకుంటావో, నీ నోట ఇరవైసార్లు వినిపించే ఆ ముగ్గురి ముఖాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలియదు. చేరిన రోజు వచ్చి వెళ్ళాక అమ్మ మళ్ళీ క్యాంపస్‌కు రాలేదని నువ్వే రాశావు. "ఇంట్లో చెప్పినా వాళ్ళకేం అర్థమవుతుంది అని చెప్పడం మానేశాను" అని కూడా రాశావు. ఆ మాట దగ్గర కాస్త ఆగు తల్లీ. చుట్టం అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. నీకు హాస్టల్ అంటే ఇష్టమని ఆమెకు బాధ కాదు. నీ జీవితంలో సగం తనకు తెలియదన్నదే బాధ.

పైగా నువ్వు ఇల్లు ఇష్టం లేని పిల్లవు కాదు. దానికి సాక్ష్యం నీ ఉత్తరంలోనే ఉంది. 2020 మార్చిలో కరోనా వచ్చి అందరినీ ఇళ్ళకు పంపినప్పుడు, చాలా నెలలు ఊళ్ళో ఉన్నావు. సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని మిద్దె ఎక్కి పాఠాలు విన్నానని రెండు పేరాలు రాశావు. ఆ తరువాత ఒకే ఒక్క వాక్యం: "పొద్దున అమ్మతో కలిసి పత్తి ఏరేదాన్ని, ఆ రోజులు కూడా బాగుండేవి." పత్తి చేలో అమ్మ పక్కన నడిచిన ఆ పొద్దుల గురించి ఇంకేమీ ఎందుకు రాయలేదు? ఎందుకంటే అవి పోతాయన్న భయం నీకు లేదు. పోతుందనుకున్నదాన్నే మనసు పట్టుకుని వేలాడుతుంది, ఎప్పటికీ ఉంటుందనుకున్నదాన్ని పట్టించుకోదు. సంక్రాంతికి ఇంట్లో ఉండి బాసర తలుచుకోవడంలో జరిగింది ఇదే. మంచి కూతురా కాదా అన్న లెక్క ఇందులో లేదు.

అమ్మ విషయంలో నీ ముందు రెండు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, ఏమీ చేయకుండా వదిలేయడం. అమ్మ నిన్ను ఏమీ అనదు, కానీ రేపు చెన్నై కూడా ఇలాగే ఆమెకు తెలియని చోటు అవుతుంది, ఎడం ఇంకొంచెం పెరుగుతుంది. రెండోది, పరీక్షలు అయ్యాక ఆగస్టు దాకా ఇంట్లో ఉండడం. అమ్మ కోరుతున్నది అదే. మంచిదే, కానీ ముందే హెచ్చరిస్తున్నాను, మొదటి పదిహేను రోజులు నీకు గాలి ఆడనట్టు ఉంటుంది. స్నేహితుల సందేశాలు చూస్తూ ముభావంగా కూర్చుంటే అమ్మ మళ్ళీ అదే మాట అంటుంది. జూన్‌లో వానలు పడగానే పత్తి గింజలు వేసే పని మొదలవుతుంది. చేలోకి వెళ్ళు. ఖాళీగా కూర్చున్న ఇంటికంటే పని ఉన్న ఇల్లు నీకు నయం. మూడోది నాకు అన్నిటికంటే నచ్చినది. గది ఖాళీ చేయకముందే అమ్మను ఒక రోజు బాసర రమ్మను. వార్డెన్‌ను ముందుగా అడిగి పెట్టుకో. గది చూపించు, ముగ్గురినీ పరిచయం చెయ్యి, నీ ల్యాబు బయటి నుంచైనా చూపించు, మీ బ్లాకు ఊడ్చే అవ్వ నిన్ను "బిడ్డా" అని పిలుస్తుందని రాశావే, ఆ అవ్వ దగ్గరికి తీసుకెళ్ళు. ఆ ఇద్దరూ మాట్లాడుకోనీ. దీనికి ఒక రోజు కూలి పోతుంది, రైలు ఖర్చు ఉంటుంది, అమ్మకు అంతమంది చదువుకున్నవాళ్ళ మధ్య కొంచెం బెరుకుగా ఉండవచ్చు, నీకు కూడా ఉండవచ్చు. ఆ చివరిది నిజమైతే దాచుకోకు, ముందే ఆలోచించుకుని సిద్ధపడు. స్నేహితుల ముందు అమ్మ పక్కన నిలబడడానికి నువ్వు జంకావని ఆమెకు అనిపిస్తే, రాకపోయినా బాగుండేదని అయిపోతుంది.

స్నేహితురాలి విషయానికి వస్తాను. "నా తప్పేమీ లేదు, గదులు ఎవరైనా మార్చుకోవచ్చు" అని రాశావు. నిజమే, గది మారడం నేరం కాదు. కానీ ఆ పిల్ల వైపు నుంచి ఒకసారి చూడు. రెండు సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో ఏమంటారో అని భయపడుతూ ఉంది, అదే వారంలో పి-1 నుంచి తోడున్న మనిషి పెట్టె సర్దుకుని బాగా చదివే ముగ్గురి గదికి వెళ్ళింది. నువ్వు ఏ ఉద్దేశంతో వెళ్ళావన్నది ఆమెకు కనిపించదు, వెళ్ళిన రోజే కనిపిస్తుంది. వెళ్ళేముందు ఆమెతో ఏమని చెప్పావో నువ్వు ఉత్తరంలో రాయలేదు. చెప్పలేదేమో అని నా అనుమానం.

ఇప్పుడు వెళ్ళి మాట్లాడవచ్చు. మాట్లాడితే ఆమె మెత్తబడవచ్చు, లేదా "ఇన్నేళ్ళు గుర్తురానిది పోయే ముందు గుర్తొచ్చానా" అని అడగవచ్చు. అలా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే, వాదించకుండా విను. ఎదురుగా మాట్లాడే ధైర్యం లేకపోతే నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి చేతికివ్వు. ఫోను సందేశం వద్దు, అది పంపి, చదివిందా లేదా అని నువ్వు రాత్రంతా గుర్తులు చూస్తూ కూర్చుంటావు. ఏమి రాసినా అందులో నీ కారణాలు తక్కువగా, ఆమెకు ఆ రోజు ఎలా అనిపించి ఉంటుందో అన్నది ఎక్కువగా ఉండాలి. జవాబు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఇవేవీ చేయకుండా వదిలేయవచ్చు కూడా, ప్రతి తెగిన స్నేహాన్నీ అతికించుకుని తీరాలని నియమం లేదు. అలా వదిలేస్తే, పక్క ఊరే కాబట్టి ఏ పెళ్ళిలోనో, ఏ జాతరలోనో ఇద్దరూ ఎదురుపడతారు, అప్పుడు కూడా తల తిప్పుకుంటారు. వదిలేయగలిగిన మనసైతే ఆ పాత ఫోటో గురించి నాకు రాసి ఉండేదానివి కాదు. అందరితోనూ గ్రూప్ ఫోటోలు దిగే చివరి రోజున, వందమంది మధ్య, కన్నీళ్ళ ఊపులో వెళ్ళి కౌగిలించుకోవడం మాత్రం చేయకు. ఆ రోజు అందరూ అందరినీ క్షమిస్తారు, మర్నాటికి అందులో ఏదీ మిగలదు. పరీక్షలు మొదలుకాకముందే, మామూలు రోజున, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు వెళ్ళు.

ఉద్యోగం, దిల్‌సుఖ్‌నగర్ గది. ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను, కానీ నిర్ణయం నీదే.

గ్రూప్స్‌కు చదవడం గొప్ప దారి. పల్లె నుంచి వచ్చిన పిల్లలు అధికారులు కావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకునేదాన్ని. కానీ అది ఒక ఏడాదిలో ముగుస్తుందని లెక్క వేసుకోకు. తెలంగాణలో 503 పోస్టులకు గ్రూప్-1 ప్రకటన 2022లో వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగి రెండుసార్లూ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది, ఆ మెయిన్స్ 2024 అక్టోబరులో జరిగాయి. మొదటి ప్రకటన చూసి గది అద్దెకు తీసుకున్న పిల్లలు మెయిన్స్ రాసేసరికి రెండున్నరేళ్ళు గడిచాయి. ఆ చదువే కావాలనుకున్నవారు అంతకాలం తట్టుకుంటారు, ఎందుకంటే వాళ్ళకు గమ్యం ఉంది. నీకు ఆసక్తి లేదని నువ్వే రాశావు. అప్పుడు ఆ గదిలో నువ్వు ఎందుకు ఉన్నట్టు? వాళ్ళు ముగ్గురూ రోజుకు పన్నెండు గంటలు పుస్తకాల్లో తలదూర్చితే నీకు కావలసిన కబుర్లకు తీరికే ఉండదు. అద్దె, కోచింగ్ ఫీజు, ఇంటి నుంచి తెచ్చుకునే డబ్బు మీద మొహమాటాలు మొదలవుతాయి. ఒకరికి ర్యాంకు వచ్చి ఇంకొకరికి రానిరోజు ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించు. ఇ-2లో ఒకరు తప్పి ఒకరు పాసైనప్పుడు ఏమి జరిగిందో నీకు తెలుసు కదా. హాస్టల్‌లో మిమ్మల్ని నలుగురినీ సమానంగా ఉంచింది ఒకే మెస్, ఒకే టైంటేబుల్. దిల్‌సుఖ్‌నగర్‌లో అవి ఉండవు. అక్కడికి వెళ్తే నువ్వు కోరుకుంటున్న ఆ ఏడాది దొరకదని, ఉన్న మధురమైన జ్ఞాపకం మీద కూడా మరక పడుతుందని నా భయం.

అయితే ఇంకో మాట కూడా నిజం. చెన్నై ఉద్యోగం మీద నీకు నిజంగా ఇష్టం ఉందా లేదా అన్నది ఉత్తరంలో ఎక్కడా లేదు. "వచ్చింది" అని మాత్రమే రాశావు. దాని గురించి కూర్చుని ఆలోచించు. ఇష్టం లేకపోతే, పై చదువు చదవాలని ఉంటే, దానికి దారులు వేరు. ఎంటెక్‌లో చేరడానికి రాసే గేట్ పరీక్ష ఒకసారి రాస్తే ఆ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. గేట్ స్కోరుతో అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) గుర్తింపు ఉన్న కాలేజీలో ఎంటెక్ చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం కూడా ఉంది. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చదివి గేట్ రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒళ్ళు అలిసిపోతుంది కానీ చేయలేనిది కాదు. చెన్నైకి వెళ్ళి ఏడాది చేసి, గ్రూప్స్ మీదే మనసు మళ్ళితే అప్పుడు దాచుకున్న నీ సొంత డబ్బుతో హైదరాబాదు రావచ్చు. ఇప్పుడు వదులుకున్న క్యాంపస్ ఉద్యోగం మాత్రం తిరిగి రావడం కష్టం, కొత్తగా చదువు ముగించినవారికి దొరికే అవకాశాలు ఏడాది గడిచాక అంత తేలికగా దొరకవు. చేరే ముందు ఒప్పంద పత్రం పూర్తిగా చదువు. ఇన్నేళ్ళు మానకూడదనే షరతు ఉందా, మానితే ఎంత కట్టాలి అన్నది చూసుకో. కంపెనీలు చేరే తేదీ వాయిదా వేయడం కూడా మామూలే, ఆగస్టు అన్నది అక్టోబరు అయినా కంగారు పడకు.

ముగ్గురికీ దూరమవుతావన్న బెంగకు ఒక చిన్న లెక్క. చెన్నైలో సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారాక హైదరాబాదు. వాళ్ళ గదికి నువ్వు అద్దె కట్టే నాలుగో మనిషిగా కంటే, నెలకో రెండు నెలలకో సంచిలో ఏదో ఒక తినుబండారంతో వచ్చి పడే మనిషిగా ఎక్కువ ఆనందం ఇస్తావు. "ప్రతి ఏడాదీ వసంత పంచమికి బాసరలో కలుద్దాం" అని నలుగురూ ఒట్టు పెట్టుకున్నారట. పెట్టుకోండి, కానీ మూడో ఏడాది ఒకరు రాలేకపోతే దాన్ని ద్రోహం అనుకోకండి. మొదట్లో రోజూ వచ్చే ఫోన్లు వారానికి ఒకటవుతాయి, ఆ తరువాత పండగలకు వస్తాయి. ఆ తగ్గడం చూసి ఆరేళ్ళ స్నేహం అబద్ధమని చాలామంది పిల్లలు నిర్ణయించేసుకుని కుంగిపోతారు. ఎదిగిన స్నేహం సద్దు లేకుండా ఉంటుంది, అవసరం వచ్చిన రోజు ఫోను ఎత్తుతుంది.

మిగిలిన వారాల్లో ఫోటోలు కొన్ని తగ్గించి, ప్రాజెక్టు రిపోర్టుకు రోజూ ఉదయం రెండు గంటలు కేటాయించు. అది పూర్తికాకపోతే ఆఖరి పది రోజులూ గైడ్ గది ముందు గడుస్తాయి, గోదావరి ఒడ్డున గడవవు. నో డ్యూ కాగితం మీద సంతకాలకు లైబ్రరీ, ల్యాబులు, హాస్టల్ తిరగాల్సి వస్తుంది కదా, చివరి రోజుకు వాయిదా వేసుకోకుండా నెమ్మదిగా తిరుగు. సంతకం పెట్టేవాళ్ళలో ఆరేళ్ళుగా నిన్ను ఎరిగినవాళ్ళు ఉంటారు, ఒక్కొక్కరితో రెండు నిమిషాలు మాట్లాడడానికి అదే సందర్భం. ప్రొవిజనల్, మార్కుల మెమోలు, టీసీ అన్నిటికీ నకళ్ళు తీయించి ఒక సెట్టు ఇంట్లో ఉంచు. ఇక నిద్ర మాట. పరీక్షలు అయ్యాక కూడా ఇలాగే రాత్రులు మెలకువ వస్తూ, తిండి సహించకుండా ఉంటే దాన్ని బెంగ అని కొట్టిపారేయకు. మీ దగ్గర కౌన్సెలర్ ఉంటే కలువు, లేదా మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

నెలాఖరు దగ్గర పడుతోంది, అడ్వాన్సు సంగతి మాత్రం నాన్చకు. ముందు నాన్నకు, అమ్మకు రెండు దారులూ ఉన్నవి ఉన్నట్టు చెప్పు. ఏది ఎంచుకున్నా ముగ్గురికీ నీ నోటితో, ఒకేసారి, గదిలో కూర్చోబెట్టి చెప్పు. రానని తేల్చుకుంటే, "ఆలోచించి చెబుతాను" అని వారాలు లాగకు. నాలుగో వాటా కోసం వాళ్ళు ఇంకో అమ్మాయిని వెతుక్కోవాలి, లేదా చిన్న ఇల్లు చూసుకోవాలి. దానికి వాళ్ళకు వ్యవధి కావాలి.